చివరిదాకా భయం నిలిపే మొసలి సినిమాలు ఏవి?

ప్రశ్న అడిగినవారు: పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరులో పొర్లుకట్టకు దగ్గరలోని ఒక వీధి. దసరా సెలవులకు మా పిన్నమ్మ కొడుకులిద్దరూ ఒంగోలు నుంచి మా ఇంటికి వస్తున్నారు. ఇద్దరూ ఇంజనీరింగ్ చదువుతున్నవారే. రాత్రి భోజనాలయ్యాక అందరం ఒకచోట కూర్చుని భయపెట్టే సినిమా ఒకటి చూడడం మాకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. దయ్యాల సినిమాలు ఇప్పటికే చాలా చూశాం కనుక ఈసారి మొసళ్ళ సినిమాలు చూద్దామని అనుకున్నాం.

నా ఇబ్బంది ఏమిటంటే, నేను ఇంతకు ముందు చూసిన నాలుగైదు మొసలి సినిమాల్లో భయం మొదటి అరగంటతోనే అయిపోయింది. నీళ్ళు కదిలి, ఒడ్డున ఉన్న మనిషి మాయమయ్యే దాకా ఊపిరి బిగబట్టి చూస్తాం. ఆ తర్వాత మొసలి తల నుంచి తోక దాకా కనబడి, ఒడ్డెక్కి, మనుషుల వెంట పరుగెత్తడం మొదలుపెట్టగానే అది కంప్యూటర్‌లో గీసిన బొమ్మగా తేలిపోతుంది. ఇక అక్కడి నుంచి ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు అని లెక్కపెట్టుకోవడమే మిగులుతుంది.

చివరిదాకా భయం నిలిపే సినిమాలు ఏవి, వాటిలో ఆ భయం ఎందువల్ల నిలుస్తుంది అన్నది నా ప్రశ్న. అమ్మ కూడా మాతో కూర్చుంటుంది కాబట్టి మనిషి ఒంటిని చీల్చి చూపించడమే పనిగా పెట్టుకున్నవి చెప్పవద్దని మనవి. అలాగే ఈ సినిమాల్లో చూపించే మొసలి స్వభావంలో నిజమెంతో తెలిసినవారు చెబితే సంతోషిస్తాను. పిల్లలు సినిమా మధ్యలో ఆపి మరీ అడుగుతారు.


జవాబు 1: గుండ్లకమ్మ (ఒంగోలు)

పెన్నాగట్టు గారూ, మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. మొసలి ఒడ్డెక్కగానే భయం పోయిందని మీరే రాశారు. నీళ్ళలో ఏనుగును సైతం పట్టి నిలిపే మొసలి గట్టు మీద కుక్కకు కూడా లోకువవుతుందని, అది దాని స్థానబలమే గాని సొంత బలం కాదని మనం చిన్నప్పుడే పద్యంలో చదువుకున్నాం. నేను చూసినంతలో మొసలి సినిమాల మంచిచెడ్డలన్నీ ఈ స్థానబలం దగ్గరే తేలిపోతాయి. మొసలిని దాని నీటిలో ఉంచి, మనిషిని తన నేల నుంచి తప్పించి ఆ నీటి మధ్యకు తెచ్చిన దర్శకుడు గెలిచాడు. మొసలిని గట్టెక్కించి మనిషి వెంట పరుగెత్తించినవాడు, ఎంత డబ్బు పోసినా, దాని బలాన్ని తన చేతులతోనే తీసేసుకున్నాడు.

ఈ మాటకు నాకు దొరికిన గట్టి ఉదాహరణ 2007లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా బ్లాక్ వాటర్. ఆండ్రూ ట్రౌకీ, డేవిడ్ నెర్లిక్ అనే ఇద్దరు కలిసి చాలా తక్కువ ఖర్చుతో తీశారు. ఒక యువజంట, ఆ అమ్మాయి చెల్లెలు చేపలు పట్టడానికి చిన్న పడవలో మడ అడవిలోకి వెళతారు. మొసలి పడవను తిరగేస్తుంది. మిగిలినవారు మడచెట్టు ఎక్కుతారు. కథ అంతే. కింద బురదనీరు, ఆ నీటిలో బోర్లాపడిన పడవ, పడవకూ చెట్టుకూ మధ్య కొద్దిపాటి దూరం. ఆ దూరం ఈదడానికి ఒకరు కాలు కిందికి దించినప్పుడల్లా మనం నీటిపైనే కళ్ళు పెట్టుకుని కూర్చుంటాం, నీళ్ళు మాత్రం కదలవు. ఆ కదలకపోవడంలోనే భయమంతా ఉంది. మొసలి కనబడేది కొద్దిసేపే, అది కూడా బొమ్మ కాదు. నిజమైన మొసళ్ళను విడిగా చిత్రీకరించి, నటులున్న దృశ్యాల్లో కలిపారు. అందుకే అది తల పైకెత్తి చూసిన ఒక్క క్షణం మనకు నెలల తరబడి గుర్తుండిపోతుంది.

దీనికి ఆధారం కూడా ఉంది. 2003 డిసెంబరులో ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని ఫిన్నిస్ నది దగ్గర ఒక యువకుడిని మొసలి లాక్కుపోయింది. అతని స్నేహితులిద్దరూ చెట్టెక్కి, సహాయం అందేదాకా దాదాపు ఒక రోజంతా కొమ్మల మీదే గడిపారు.

రెండవది అదే సంవత్సరం, అదే దేశం నుంచి వచ్చిన రోగ్. దర్శకుడు గ్రెగ్ మెక్‌లీన్. పర్యాటకులను ఎక్కించుకున్న పడవ నదిలో దెబ్బతిని, అందరూ నది మధ్యలోని ఒక చిన్న లంక మీద చిక్కుకుపోతారు. అక్కడ దర్శకుడు చేసిన మంచి పని ఏమిటంటే, ఆ నదికి సముద్రపు పోటు తగులుతుందని ముందే చెప్పడం. పొద్దు గూకుతూ ఉంటుంది, పోటు ఎక్కుతూ ఉంటుంది, లంక తరిగిపోతూ ఉంటుంది. మొసలి పరుగెత్తి రానక్కరలేదు, నీళ్ళే మనుషులను దాని దగ్గరకు తీసుకువస్తున్నాయి. కొత్తపట్నం దగ్గర పెరిగిన నాకు, పోటు వేళ కాలి కింది ఇసుక జారిపోవడం తెలుసు కాబట్టి కాబోలు, ఆ గంటసేపు చాలా బరువుగా గడిచింది. చివరి భాగం మాత్రం మొసలి బొరియలో, నేల మీద జరుగుతుంది. చక్కగా తీసిన ఘట్టమే గాని, అంతవరకూ ఉన్న భయం అక్కడ పోరాటంగా మారిపోతుంది. మీరు చెప్పిన లోపం అంత మంచి సినిమాకు కూడా తప్పలేదు.

రోగ్‌కు ప్రేరణ కూడా ఫిన్నిస్ నది నీళ్ళలోదే. 1970లలో అక్కడ ‘స్వీట్‌హార్ట్’ అని పేరు పడిన 5.1 మీటర్ల ఉప్పునీటి మొసలి చేపలవేటగాళ్ళ పడవల మీద, ముఖ్యంగా వాటి మోటార్ల మీద పడి కొరికేది. ఒక్క మనిషిని కూడా చంపలేదు. 1979లో దాన్ని పట్టి వేరేచోటికి తరలించబోతే, మత్తుమందు ప్రభావంలో ఉండగా నీట మునిగి చనిపోయింది. దాని దేహాన్ని డార్విన్ నగరంలోని మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు. సినిమాలోని మొసలి ఎందరిని చంపినా, దానికి మూలమైన ప్రాణి ఎవరినీ చంపకుండా మన చేతుల్లో పోయిందని తెలిశాక నాకు ఆ సినిమా కొంచెం వేరుగా కనబడింది.


జవాబు 2: కావలి సినీప్రియ

గుండ్లకమ్మ గారి స్థానబలం మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తాను గాని, అది పూర్తి లెక్క కాదని నా అభిప్రాయం. 2018లో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ద పూల్ చూడండి. దాదాపు ఆరు మీటర్ల లోతున్న ఈతకొలనులో ఒక యువకుడు తేలే పరుపు మీద నిద్రపోతాడు. ఈలోగా కొలనులో నీళ్ళు ఖాళీ అవుతూ ఉంటాయి. లేచేసరికి గట్టు అందదు, నిచ్చెన లేదు. ఆ గోతిలోకి ఒక మొసలి వచ్చి పడుతుంది. అక్కడ మొసలికి నీళ్ళు లేవు, మనిషికి నేల లేదు. ఇద్దరి స్థానబలమూ పోయినట్టే, అయినా భయం తగ్గదు. నున్నటి గోడల మధ్య పారిపోయే దారి లేకపోవడమే అక్కడ నీటి పని చేసింది. మొసలి బొమ్మ కొన్నిచోట్ల తేలికగా ఉన్నమాట నిజమే, కథలో ఒకదాని వెంట ఒకటి వచ్చే కష్టాలు కొంత అతిగా ఉన్నమాట కూడా నిజమే. అయినా నేను కుర్చీ అంచు వదలలేదు.

కాబట్టి భయం నీటిలో లేదనీ, మనిషికి ఒడ్డు అందకపోవడంలో ఉందనీ నేను అంటాను.

ఇక పాతవాటిలో 1980 నాటి అల్లిగేటర్‌ను మరచిపోవద్దు. ఇంట్లో పెంచుకోవడానికి తెచ్చిన మొసలిపిల్లను మరుగుదొడ్డిలో వదిలేస్తే, అది నగరం కింద మురుగుకాలువల్లో, మందుల ప్రయోగాల కోసం చంపి పారేసిన జంతువుల కళేబరాలు తిని పెరిగి, ఒకనాడు రోడ్డును పగలగొట్టుకుని పైకి వస్తుంది. అది గట్టెక్కిన మొసలే అయినా, మనుషులు చేసిన తప్పు వెనక్కి తిరిగి వచ్చినట్టు ఉంటుంది కనుక నిలబడింది. 1999లో వచ్చిన లేక్ ప్లాసిడ్ హాస్యం కలిపిన సినిమా. అందులో 30 అడుగుల మొసలిని స్టాన్ విన్‌స్టన్ బృందం యంత్రంతో కదిలే బొమ్మగా తయారుచేసింది. భయం కోసం కాకుండా ఆ పనితనం కోసం చూడవచ్చు. 2007లోనే వచ్చిన ప్రైమీవల్ మాత్రం నాకు నిరాశే. బురుండిలోని రుజిజి నది, టాంగన్యీకా సరస్సు తీరాల్లో ఎందరినో పొట్టన పెట్టుకుందని చెప్పే గుస్తావ్ అనే మొసలి చేతికి దొరికాక కూడా, కథను తుపాకుల గొడవల్లోకి లాగి పాడుచేశారు. ఎవరూ పట్టుకోలేకపోయిన ఆ మొసలి గురించి ఉన్నది ఉన్నట్టు తీసి ఉంటే గొప్ప సినిమా అయ్యేది.


పెన్నాగట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒడ్డు అందకపోవడం అన్న మాట నాకు చాలా నచ్చింది. బ్లాక్ వాటర్, రోగ్ రాసిపెట్టుకున్నాను. మొసలి స్వభావం గురించి ఎవరైనా చెప్పగలరా? ముఖ్యంగా, అది అన్ని రోజులు ఒక్కచోటే కాపు కాస్తుందా, ఒక్క రాత్రిలో అంతమందిని తింటుందా అన్నది మా తమ్ముళ్ళ సందేహం.


జవాబు 3: జీవశాస్త్రం మాష్టారు (ప్రకాశం జిల్లా)

నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. ప్రతి రెండు మూడేళ్ళకు ఒకసారి పిల్లలను మహాబలిపురం దారిలోని మద్రాసు క్రొకడైల్ బ్యాంకుకు తీసుకువెళుతుంటాను. రోములస్ విటేకర్ 1976లో స్థాపించిన ఆ కేంద్రం నెల్లూరు నుంచి ఒక్క రోజులో వెళ్ళి రాగలిగిన దూరంలోనే ఉంది. మీ తమ్ముళ్ళను సినిమాకు ముందో తర్వాతో అక్కడికి తీసుకువెళ్ళమని నా సలహా. నోళ్ళు తెరుచుకుని, గంటల తరబడి కొయ్యదుంగల్లా పడి ఉన్న మొసళ్ళను చూసి మా పిల్లలు మొదట “ఇవి బొమ్మలా సార్?” అని అడుగుతారు. నోరు తెరవడం ఒంటి వేడిని సరిచేసుకోవడానికి గాని కోపంతో కాదు. ఆహారం వేసే వేళకు అవే దుంగలు నీటిలోంచి ఎలా లేస్తాయో చూశాక ఎవరూ ఆ ప్రశ్న మళ్ళీ అడగరు.

ఇప్పుడు మీ సందేహాలకు వస్తాను. కాపు కాయడం పూర్తిగా నిజం. మొసలి కళ్ళు, చెవులు, ముక్కురంధ్రాలు తల పైభాగంలో ఒకే మట్టంలో ఉంటాయి. అందువల్ల ఒళ్ళంతా నీటిలో దాచుకుని కూడా చూడగలదు, వినగలదు, ఊపిరి తీయగలదు. దవడల మీద చుక్కల్లా కనిపించే స్పర్శేంద్రియాలు నీటిలోని చిన్న అలజడిని కూడా పసిగడతాయి. కాబట్టి బ్లాక్ వాటర్‌లో కాలు నీటిలో పెట్టగానే మనకు కలిగే గుబులు ఊరికే వచ్చినది కాదు. గొంతు వెనుక ఉండే కవాటం మూసుకుంటే నీటి లోపల నోరు తెరిచినా గొంతులోకి నీరు వెళ్ళదు. కదలకుండా ఉంటే గంటకు పైగా మునిగి ఉండగలదు. ఉప్పునీటి మొసలి కాటు బలం సుమారు 16,000 న్యూటన్లుగా కొలిచారు. ఇప్పటిదాకా ప్రాణుల్లో నేరుగా కొలిచిన కాట్లలో అంతకంటే బలమైనది లేదు. విచిత్రమేమిటంటే దవడను మూసే కండరాలకు ఉన్న బలంలో తెరిచే కండరాలకు లేశమంతైనా లేదు. అందుకే పెద్ద మొసలి మూతిని కూడా పట్టీతో కట్టివేయగలుగుతారు.

అబద్ధమల్లా ఆకలి దగ్గర ఉంది. మొసలి తన ఒంటి వేడి కోసం ఎండ మీద ఆధారపడే జీవి. మనలాగా లోపల మంట మండించుకునే పని లేదు కనుక దానికి కావలసిన తిండి చాలా తక్కువ. ఒకసారి కడుపు నిండితే చాలా రోజుల వరకు వేట అక్కరలేదు, పెద్ద మొసలి నెలల తరబడి తినకుండా ఉండగలదు. ఒక్క రాత్రిలో ఒకరి తర్వాత ఒకరిని వరుసగా తినే మొసలి సినిమాలో తప్ప ఉండదు. ఒడ్డు మీద తరమడం కూడా అంతే. ఒక్కసారిగా ముందుకు దూకడంలో దానికి సాటి లేదు గాని, నాలుగడుగులు వేయగానే దాని కండరాలు అలసిపోతాయి. వీధుల వెంట తరిమే దృశ్యాలు మీకు తేలిపోయినట్టు అనిపించడానికి కంప్యూటర్ బొమ్మ ఒక్కటే కారణం కాదు. ఆ జంతువు ఒళ్ళు ఆ పనికి తయారైనది కాదని చూసేవారి కంటికి ఎక్కడో తెలుస్తూనే ఉంటుంది. ఈ విషయంలో గుండ్లకమ్మ గారి మాటే శాస్త్రం కూడా చెబుతుంది.

మరొక్క మాట. అల్లిగేటర్‌ను కూడా మనం మొసలి అనే పిలుస్తాం గాని రెండూ వేరు కుటుంబాలు. అల్లిగేటర్ మూతి వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. నోరు మూసుకున్నప్పుడు కింది పళ్ళు కనబడవు. మొసలికి కింది దవడలోని నాలుగో పన్ను బయటకు కనబడుతూనే ఉంటుంది. తెర మీద ఏది వచ్చినా పిల్లలు ముందు ఆ పన్ను కోసం వెతకడం మా తరగతిలో ఒక ఆట అయింది.


జవాబు 4: పాత సినిమాల అభిమాని

నా వయసు డెబ్బై దాటింది. మీరు చెప్పినవాటిలో మా మనవడు చూపించిన రెండు మాత్రమే చూశాను. అయినా ఒక విషయం చెప్పాలనిపించి రాస్తున్నాను.

మా తరానికి తెర మీద కనిపించిన మొసలి అంటే 1951లో వచ్చిన పాతాళభైరవిలోనిది. బలి ఇవ్వబోయే ముందు మాంత్రికుడు తోటరాముణ్ణి స్నానానికి పంపిస్తాడు. మడుగులో మొసలి పట్టుకుంటుంది. రాముడు దాన్ని చంపగానే శాపం తీరిన దివ్యకాంత బయటకు వచ్చి, మాంత్రికుడి మోసం చెప్పి వెళుతుంది. ఆ మొసలిని చూసి నేను ఎంత వణికానో, దాని లోపల నుంచి మేలు చేసే మనిషి వచ్చినప్పుడు అంత ఆశ్చర్యపోయాను. గజేంద్రమోక్షంలోని మకరి కూడా దేవలముని శాపం వల్ల అలా అయిన హూహూ అనే గంధర్వుడే. చక్రం తగలగానే అతనికీ విడుదల దొరికింది. అసలు గంగమ్మ తల్లి వాహనమే మొసలి. మన కథల్లో మొసలికి ఒక వెనకటి జన్మ ఉంటుంది, ఒక బాధ ఉంటుంది. ఈ కొత్త సినిమాల్లో దానికి నోరు తప్ప మరేమీ లేకపోవడం నాకు లోటుగా అనిపిస్తుంది.

ఇది ఒక్క మన దృష్టే కాదని మా మనవడు చూపించిన డార్క్ ఏజ్ అనే సినిమా వల్ల తెలిసింది. అది 1987 నాటి ఆస్ట్రేలియా చిత్రం. మనుషులను చంపుతున్న పెద్ద మొసలిని అక్కడి ఆదివాసులు పవిత్రమైనదిగా భావిస్తారు. దాన్ని కాల్చి చంపాలనేవారికీ, బతికించి దూరంగా చేర్చాలనేవారికీ మధ్య కథ నడుస్తుంది. భయం తక్కువేమీ కాదు, కాని మొసలి మీద కూడా దిగులు కలుగుతుంది. పెన్నాగట్టు గారి అమ్మగారికి ఇదే నచ్చుతుందని నా నమ్మకం. అమ్మా, నాన్నా కూర్చుని చూసేటప్పుడు పిల్లలు ఇలాంటిది ఒకటి ఎంచుకుంటే బాగుంటుంది.


జవాబు 5: గుండ్లకమ్మ

పెద్దవారు చెప్పింది చదివాక డార్క్ ఏజ్ వెతికి చూడాలనిపిస్తోంది. కావలి సినీప్రియ గారి ‘ఒడ్డు అందకపోవడం’ కూడా ఒప్పుకుంటున్నాను, అది నా మాట కంటే ముందుకు వెళ్ళింది. ఆ లెక్కన నేను రాయడం మరచిన ఒక సినిమా తప్పకుండా చెప్పాలి. 2019లో అలెగ్జాండర్ అజా తీసిన క్రాల్. ఫ్లోరిడాలో పెద్ద తుపాను వచ్చి, ఊరంతా ఖాళీ చేస్తుంటే, ఒక ఈతగత్తె తన తండ్రిని వెతుక్కుంటూ పాత ఇంటికి వెళుతుంది. ఆ ఇంటి నేలకింద పాకితే తప్ప వెళ్ళలేని ఖాళీ జాగాలో తండ్రి గాయపడి పడి ఉంటాడు. వరదతో పాటు అల్లిగేటర్లు లోపలికి వస్తాయి. నీళ్ళు ముందు నేలమాళిగను, ఆపై గదులను, ఆపై మెట్లను నింపుకుంటూ పైకి వస్తాయి. ఇక్కడ మొసలి మనిషి చోటికి రాలేదు. మనిషి ఇల్లే నీటి చోటుగా మారిపోయింది. సినిమా అంతా సెర్బియాలోని బెల్‌గ్రేడ్‌లో నీటితొట్లు కట్టి తీశారంటే నమ్మలేం. రక్తం కొంచెం ఎక్కువే ఉంది, అమ్మగారికి ముందే చెప్పండి.


పెన్నాగట్టు:

సెలవులు సగం అయిపోయాయి. చూసినంతవరకు రాస్తున్నాను.

మొదటి రాత్రి బ్లాక్ వాటర్ చూశాం. సినిమా మధ్యలో ఒక్కరూ మాట్లాడలేదు. చెట్టు మీద ఉన్నవారు నీళ్ళవైపు చూసినప్పుడల్లా మా చిన్న తమ్ముడు తెరకు దగ్గరగా జరిగి, మొసలి ఎక్కడుందో తానే వెతికాడు. మాష్టారు గారు చెప్పిన కళ్ళు, ముక్కు సంగతి ముందే చదివి వినిపించాను. దానివల్ల నీటిపై కనిపించిన ప్రతి పుల్లనూ మొసలి మూతి అనుకున్నాం.

రెండో రాత్రి క్రాల్ చూశాం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలుపట్టాలు, జాతీయ రహదారి తెగిపోయిన రోజుల్లో మా వీధిలోకి కూడా నీళ్ళు వచ్చాయి. మా ఇంటి ముందు అయిదు మెట్లు ఉన్నాయి. ఆ రాత్రి కరెంటు లేదు. అమ్మ టార్చిలైటు పట్టుకుని గడప దగ్గర కూర్చుని, ఎన్ని మెట్లు మునిగాయో గంటకొకసారి చూసి లోపలికి చెప్పేది. బియ్యం మూట, పత్రాల సంచి అటక మీదికి ఎక్కించి, తెల్లవార్లూ మేల్కొని ఉన్నాం. నాలుగో మెట్టు మునిగాక నీళ్ళు ఆగాయి.

సినిమాలో నీళ్ళు ఇంటి మెట్లు ఎక్కడం మొదలుకాగానే అమ్మ నెమ్మదిగా “రెండు... మూడు...” అని లెక్కపెట్టడం విన్నాను. మొసళ్ళు వచ్చినప్పుడు ఆమె కళ్ళు మూసుకోలేదు, రక్తం చూసి లేచి వెళ్ళిపోనూ లేదు. నీళ్ళ మట్టం ఒక్కటే చూసింది. సినిమా అయ్యాక తమ్ముళ్ళు అల్లిగేటర్ల గురించి మాట్లాడుకుంటుంటే, అమ్మ తలుపు తీసి బయట మెట్లవైపు ఒకసారి చూసి వచ్చి పడుకుంది.

రేపు రాత్రికి డార్క్ ఏజ్ అనుకున్నాం, దొరక్కపోతే రోగ్. ఆదివారం నాడు అందరం క్రొకడైల్ బ్యాంకుకు వెళుతున్నాం. అమ్మ కూడా వస్తానంది.